గుర్తుండిపోయే ప్రసంగం తయారుచేయడం ఎలా: గొప్ప ప్రసంగాల నుంచి నేర్చుకునే పద్ధతి

"లింకన్ ప్రసంగం చదివాం, మార్టిన్ లూథర్ కింగ్ వీడియో చూశాం, ఒళ్లు గగుర్పొడిచింది. కానీ వచ్చే ఆదివారం మా నాన్నగారి రిటైర్మెంట్ ఫంక్షన్‌లో నేను ఐదు నిమిషాలు మాట్లాడాలి. అక్కడి నుంచి ఇక్కడికి ఏం తెచ్చుకోవాలి?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఒకరిది కాలేజీ ఫేర్‌వెల్, ఒకరిది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్, ఇంకొకరిది సంతాప సభ. ఇబ్బంది మాత్రం అందరిదీ ఒకటే.

మంచి గొంతు, గొప్ప భాష ఉంటేనే ప్రసంగం గుర్తుంటుందని చాలామంది నమ్మకం. నేను అలా అనుకోను. గుర్తుండిపోయిన ప్రతి ప్రసంగంలోనూ విన్నవాళ్లు ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పగలిగిన మాట ఒకటి ఉంటుంది. మిగతాదంతా ఆ మాటను మోయడానికే. ఆ మాటను కనుక్కోవడం, దాన్ని చెవికి ఎక్కేలా కట్టడం ఎవరైనా నేర్చుకోగలిగిన పని.

ఇక్కడ చెప్పేది ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగానికి, వారం రోజుల గడువుతో. మీ చేతిలో రెండు రోజులే ఉంటే మొదటి భాగం వదిలేసి రెండో భాగం నుంచి మొదలుపెట్టండి.

## 1. మూడు ప్రసంగాలు తీసుకోండి, ఒక్కోటి మూడుసార్లు వినండి

ఇరవై ప్రసంగాలు పైపైన చూడటం కంటే మూడింటిని విప్పి చూడటం మేలు. మీ సందర్భానికి దగ్గరగా ఉన్నవి ఎంచుకోండి.

- సంతాప సభ, సంస్మరణ సభ: లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం (1863 నవంబరు 19), గాంధీజీ హత్య జరిగిన సాయంత్రం నెహ్రూ రేడియోలో మాట్లాడింది (1948 జనవరి 30).
- జనాన్ని ఒక పనికి కదిలించాలంటే: గాంధీజీ క్విట్ ఇండియా ప్రసంగం (1942 ఆగస్టు 8, బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానం), కింగ్ వాషింగ్టన్ ప్రసంగం (1963 ఆగస్టు 28).
- చేదు నిజం చెప్పాలంటే: అంబేడ్కర్ రాజ్యాంగ సభ ప్రసంగం (1949 నవంబరు 25), రెండో ప్రపంచ యుద్ధంలో డంకిర్క్ తీరం నుంచి సైన్యాన్ని వెనక్కి తెచ్చుకున్నాక చర్చిల్ బ్రిటిష్ కామన్స్ సభలో మాట్లాడింది (1940 జూన్ 4).
- మీ పక్షం మీరే చెప్పుకోవాలంటే: మండేలా కోర్టు బోనులో చదివిన ప్రకటన (1964 ఏప్రిల్ 20).
- కొత్తవాళ్ల ముందు నిలబడాల్సి వస్తే: వివేకానందుడి షికాగో ప్రసంగం (1893 సెప్టెంబరు 11).

అంబేడ్కర్ ప్రసంగం రాజ్యాంగ సభ చర్చల్లో పూర్తిగా దొరుకుతుంది, ఇంటర్నెట్‌లో ఉచితం. తెలుగు అనువాదాల కోసం సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలోనో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో అడగండి. ఆడియో విషయంలో ఒక జాగ్రత్త. చర్చిల్ 1940 ప్రసంగం పేరుతో మనం వినేది ఆయన 1949లో మళ్లీ చదివి రికార్డు చేసింది. సభలో వచ్చిన స్పందన అందులో వినపడదు. నిండు సభకూ మాట్లాడే మనిషికీ మధ్య ఏం జరుగుతుందో తెలియాలంటే కింగ్ రికార్డింగ్ వినాలి.

ఇక వినే పద్ధతి.

మొదటిసారి: కాగితం, పెన్ను లేకుండా వినండి. గంట తర్వాత ఏం గుర్తుందో రాయండి. రెండు మూడు వాక్యాల కంటే రావు. ఆ రెండు మూడే ఎందుకు మిగిలాయన్నది మీ అసలు పాఠం.

రెండోసారి: ప్రసంగ పాఠం ఎదురుగా పెట్టుకుని గుర్తులు పెట్టండి. మళ్లీ మళ్లీ వచ్చిన మాట కింద గీత, ఆగిన చోట నిలువు గీత, కళ్లకు కట్టే బొమ్మ చుట్టూ సున్నా, "మీరు", "మనం" అన్న ప్రతిచోటా చుక్క.

మూడోసారి: మీరే నిలబడి పైకి చదవండి. ఇంగ్లీషు ప్రసంగమైతే పేరా చదివి, పుస్తకం మూసి, అదే విషయాన్ని మీ ఇంటి తెలుగులో చెప్పండి. అలంకారాలు రాలిపోయాక కూడా నిలబడిన ఆలోచన ఏదో అప్పుడు తెలుస్తుంది.

## 2. సభను ముందుగా తెలుసుకోండి

వివేకానందుడు షికాగోకు వెళ్లే ముందు, అదే ఏడాది ఫిబ్రవరి 13న మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడారు. తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్తున్నాడో అక్కడ చెప్పారు. షికాగోలో తనెవరో తెలియని జనం. అక్కడ "అమెరికా సోదరీ సోదరులారా" అన్న పిలుపుతోనే సభ చప్పట్లతో లేచింది. సికింద్రాబాద్‌లో పనికొచ్చిన ఆరంభం షికాగోలో పనికిరాదు. మనిషి ఒక్కడే, సభలు వేరు.

ఆహ్వానించినవాళ్లకు ఫోన్ చేసి ఈ వివరాలు కనుక్కోండి:

- ఎంతమంది వస్తారు, ఏ వయసువాళ్లు?
- నాకు ముందు ఎవరు, తర్వాత ఎవరు?
- భోజనానికి ముందా, తర్వాతా?
- నిజంగా ఎన్ని నిమిషాలు? (ఆహ్వాన పత్రంలో రాసింది కాకుండా)
- ఈ విషయం మీద వాళ్లకు ఇప్పటికే ఉన్న అభిప్రాయం ఏమిటి? కోపమా, దుఃఖమా, విసుగా?

చివరి ప్రశ్నకు జవాబు దొరక్కుండా రాయడం మొదలుపెట్టకండి.

భాష గురించి కూడా ఇక్కడే నిర్ణయించుకోండి. హైదరాబాద్‌లో ఏ హాల్లో చూసినా ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లూ, గుంటూరు నుంచి వచ్చినవాళ్లూ, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లూ కలిసి కూర్చుని ఉంటారు. మీది తెలంగాణ మాటైతే మైకు ముందుకు రాగానే దాన్ని వదిలేయకండి, మీ నోట అదే నిజంగా వినిపిస్తుంది. మీది కాని యాసను మాత్రం అనుకరించకండి. ఎంత ప్రేమతో చేసినా వెక్కిరింపులా తగులుతుంది. "ఆదాబ్" మీరు రోజూ అనే మాటైతే అనండి, లేకపోతే "నమస్కారం" చాలు.

## 3. ఒక్క వాక్యం రాయండి

ఈ పనికి ఒక సాయంత్రమంతా ఇవ్వండి. ఇది కుదిరితే మిగతాది సగం తేలికవుతుంది.

1942 ఆగస్టు 8న గాంధీజీ చాలాసేపు మాట్లాడారు. ఆ మధ్యలో, మీకొక చిన్న మంత్రం ఇస్తున్నాను, గుండెల్లో రాసుకోండి అని చెప్పి "డూ ఆర్ డై" అన్నారు. రెండు విషయాలు గమనించండి. మాట చిన్నది. అంతకంటే ముఖ్యం, అది రాబోతోందని ముందే చెప్పారు. జనం చెవులు రిక్కించాక ఇచ్చారు.

మీ వాక్యం ఈ నాలుగు పరీక్షలూ నెగ్గాలి:

- పది మాటలకు మించకూడదు.
- అందులో ఒక పనో, ఒక మనిషో కనిపించాలి.
- పదేళ్ల పిల్లాడు విని తిరిగి చెప్పగలగాలి.
- వేరే సభలో ఎవరైనా వాడుకోగలిగేలా ఉండకూడదు. మీ సభకే అతకాలి.

చాలామంది నాలుగో పరీక్షలో తప్పుతారు. ఉదాహరణలు చూడండి.

అపార్ట్‌మెంట్ మీటింగ్:
ముందు: "నీటి పొదుపు ఆవశ్యకతను మనమందరం గుర్తించాలి."
తర్వాత: "ఈ ఎండాకాలం ట్యాంకర్ పిలవకుండా గడుపుదాం."

రిటైర్మెంట్ ఫంక్షన్:
ముందు: "ఆయన అంకితభావంతో సేవలందించారు."
తర్వాత: "మా ఆఫీసులో ఏ ఫైలు ఆగినా, సార్ టేబుల్ మీద మాత్రం ఆగలేదు."

సంతాప సభ:
ముందు: "ఆమె లేని లోటు తీర్చలేనిది."
తర్వాత: "ఈ వీధిలో ఎవరి పిల్లలకు జ్వరమొచ్చినా ముందు తెలిసేది అత్తమ్మకే."

మొదటి వాక్యాల్లో అబద్ధం లేదు. కానీ అవి ఎవరి గురించైనా చెప్పొచ్చు. రెండో వాక్యాలు ఒక్క మనిషికే, ఒక్క చోటుకే చెందుతాయి. వినేవాడికి బొమ్మ కట్టేది అవే.

వాక్యం దొరకకపోతే ఇలా చేయండి. ఆ మనిషి గురించో, సమస్య గురించో తెలిసిన ముగ్గురికి ఫోన్ చేసి "ఒక్క సంఘటన చెప్పండి" అని అడగండి. "ఎలాంటివారు?" అని అడిగితే పొగడ్తలు వస్తాయి. "ఏం జరిగింది?" అని అడిగితే సరుకు వస్తుంది.

## 4. వరుస నిర్ణయించండి, చివర నుంచి రాయండి

గెటిస్‌బర్గ్‌లో లింకన్ కంటే ముందు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పేరున్న వక్త సుమారు రెండు గంటలు మాట్లాడాడు. లింకన్ మాట్లాడింది సుమారు 270 మాటలు, రెండు మూడు నిమిషాలు. మర్నాడు ఎవరెట్ స్వయంగా లింకన్‌కు ఉత్తరం రాశాడు: మీరు రెండు నిమిషాల్లో అసలు విషయానికి వచ్చినంత దగ్గరగా నేను రెండు గంటల్లో రాగలిగి ఉంటే సంతోషించేవాణ్నని.

ఆ చిన్న ప్రసంగం వరుస చూడండి. 87 ఏళ్ల కింద మన పెద్దలు ఏం మొదలుపెట్టారు. ఇప్పుడు మనం ఏ పరీక్షలో ఉన్నాం. ఇక్కడ చనిపోయినవాళ్లు ఏం చేశారు. బతికున్న మనం ఏం చేయాలి. నిన్న, ఇవాళ, మన పని. సంస్మరణకూ, వార్షికోత్సవానికీ, జెండా పండగకూ ఈ వరుస అలాగే సరిపోతుంది.

చేదు నిజం చెప్పాల్సిన సభకు అంబేడ్కర్ వరుస వాడండి. రాజ్యాంగం పూర్తయిన సంతోషంలో ఉన్న సభకు ఆయన మూడు హెచ్చరికలు చేశారు. కోరుకున్నది సాధించడానికి రాజ్యాంగ మార్గాలనే పట్టుకోండి, ఎంత గొప్పవాడైనా ఒక మనిషి కాళ్ల దగ్గర మీ స్వేచ్ఛను పెట్టకండి, రాజకీయ ప్రజాస్వామ్యంతోనే తృప్తిపడకండి. ఒక్కో హెచ్చరికకూ కారణం చెప్పారు. 1950 జనవరి 26న వైరుధ్యాల జీవితంలోకి అడుగు పెడుతున్నామన్నారు: రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం. విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలరు. పావుగంట టైమ్ ఉంటే మూడు అంశాలు తీసుకోండి. ఐదు నిమిషాలకు ఒక్కటే.

చర్చిల్ 1940 ప్రసంగం నుంచి కూడా ఒకటి తీసుకోండి. అందరికీ గుర్తున్న "పోరాడతాం" వాక్యాలు ప్రసంగం చివర్లో వస్తాయి. అంతకు ముందు చాలాసేపు ఆయన సైన్యానికి జరిగిన నష్టాన్ని దాచకుండా చెప్పారు. సైన్యాన్ని వెనక్కి తెచ్చుకున్నంత మాత్రాన యుద్ధం గెలిచినట్టు కాదన్నారు. చెడు వార్త ముందే ఒప్పుకున్నాడు కాబట్టే ఆ తర్వాతి ధైర్యం నమ్మేలా ఉంది. అసోసియేషన్ మీటింగ్‌లో లెక్కల్లో తేడా ఉందనుకోండి, ముందు అది చెప్పేయండి. తర్వాతే మీ ప్రతిపాదన.

రాసేటప్పుడు మాత్రం తలకిందులుగా వెళ్లాలి:

1. ముందు చివరి నాలుగు వాక్యాలు రాయండి. మీ ఒక్క వాక్యం వాటిలో ఉండాలి.
2. తర్వాత దానికి ఆధారమైన సంఘటన రాయండి.
3. సంఘటనకు ముందు వినేవాళ్లకు ఏం తెలియాలో అంతే రాయండి.
4. ఆరంభం ఆఖర్న రాయండి.

ఎటు వెళ్తున్నారో మీకే తెలియకుండా ఆరంభం రాస్తే "ఈ శుభ సందర్భంగా" లాంటి వాక్యాలే వస్తాయి.

చివరి వాక్యానికి ఎంత శ్రద్ధ కావాలో మండేలా దగ్గర తెలుస్తుంది. మరణశిక్ష పడే అవకాశమున్న కేసులో సుమారు మూడు గంటలు మాట్లాడి, ఈ ఆశయం కోసం అవసరమైతే ప్రాణమివ్వడానికైనా సిద్ధమని ముగించారు. "అవసరమైతే" అన్నది లాయర్ల సలహాతో చేరింది. ఒక్క మాట ఉండాలా వద్దా అన్నది అంత ఆలోచించి తేల్చుకున్నారు.

## 5. కంటికి కాదు, చెవికి రాయండి

మనవాళ్ల ప్రసంగాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే ఈ భాగం కాస్త పెద్దది.

క్రియను త్వరగా చేర్చండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం సాగేకొద్దీ ఏం జరిగిందో తెలియక వినేవాడు మోస్తూ కూర్చోవాలి. చదివేవాడు వెనక్కి వెళ్లి చూసుకుంటాడు, వినేవాడికి ఆ వీలు లేదు.

ముందు: "మన అపార్ట్‌మెంట్‌లో గత రెండు సంవత్సరాలుగా వేసవికాలంలో భూగర్భ జలాలు అడుగంటడం వల్ల బోర్లు ఎండిపోయి ట్యాంకర్లపై ఆధారపడవలసి వచ్చి నిర్వహణ వ్యయం గణనీయంగా పెరిగిన విషయం మీ అందరికీ తెలిసిందే."

తర్వాత: "రెండేళ్లుగా ఎండాకాలం వస్తే మన బోరు ఎండిపోతోంది. ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. మెయింటెనెన్స్ పెరిగింది. ఎంత పెరిగిందో మీ అందరికీ తెలుసు."

పుస్తక భాష తీసేయండి. "చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది" అంటే "చేయాలి" అనే. "నిర్ణయించబడింది" అనకండి, ఎవరు నిర్ణయించారో చెప్పండి. "చెప్పేటటువంటి", "ఉండేటటువంటి" అన్న సాగతీతలు ఎన్ని ఉన్నాయో రికార్డింగ్‌లో లెక్కపెట్టండి. ఒక్కటి కూడా అవసరం ఉండదు.

ఒక మాటను పదే పదే వాడే పద్ధతి తెలుసుకోండి. కింగ్ "నాకొక కల ఉంది" అని, చర్చిల్ "మేం పోరాడతాం" అని ప్రతి వాక్యం మొదట్లో ఎత్తుకున్నారు. ఇంగ్లీషు వాక్యానికి అది సహజం. తెలుగులో బరువు వాక్యం చివర పడుతుంది కాబట్టి తిరిగి తిరిగి వచ్చే మాట చివర ఉంటేనే నిలుస్తుంది. మన శతక పద్యాల్లో మకుటం ఎక్కడ ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. వేమన పద్యం సగం మరిచిపోయినా మకుటం మరిచిపోయినవాళ్లు లేరు.

అదే పద్ధతిలో మన నీళ్ల ఉదాహరణ:

"బోరు ఎండింది, ట్యాంకర్ పిలిచాం.
ఆ నీళ్లు చాలలేదు, ఇంకో ట్యాంకర్ పిలిచాం.
రేటు పెంచారు, అయినా పిలిచాం.
ఈసారి పిలవొద్దు."

మూడుసార్లు ఒకే మాట, నాలుగోసారి అదే మాట తిరగబడింది. మూడుకు ముందే తిప్పితే జనానికి లయ అందదు, ఐదారుకు వెళ్తే విసుగు. ప్రసంగం మొత్తంలో ఈ పద్ధతి ఒక్కసారే వాడండి.

ఒకే బొమ్మ పట్టుకోండి, చివరిదాకా నడపండి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడినప్పుడు కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ సభలో ఆశువుగా ఒక పద్యం చెప్పారు. దేశం పాడి ఆవు, మనం ఆకలితో ఏడ్చే లేగదూడలు, తెల్లవాళ్లు దూడల మూతులు కట్టి పాలు పిండుకునే గొల్లలు. పాల్ ఆ రోజు ఏమన్నారో ఇప్పుడు ఎంతమంది తెలుగువాళ్లకు గుర్తుంది? ఆ పద్యం మాత్రం నోటికి వచ్చినవాళ్లు నేటికీ ఉన్నారు. ఆవు అన్నాక దూడ, పాలు, పిండేవాడు అన్నీ ఆ దొడ్లోంచే వచ్చాయి. మధ్యలో ఓడ, తుఫాను రాలేదు. ఆ రోజుల్లో పల్లెకో పట్నానికో సంబంధం లేకుండా అందరూ చూసిన దృశ్యం కూడా అది. మీ సభ రోజూ చూసేదాంట్లోంచి మీ బొమ్మ ఎంచుకోండి.

అన్నమాటను మధ్యలో మార్చే పద్ధతి. 1948 జనవరి 30న నెహ్రూ, మన జీవితాల్లోంచి వెలుగు వెళ్లిపోయిందన్నారు. కాసేపటికి, వెలుగు వెళ్లిపోయిందన్నాను, తప్పన్నాను, అది మామూలు వెలుగు కాదన్నారు. ముందు దుఃఖాన్ని ఒప్పుకుని, తర్వాత దాన్ని దాటించారు. సంతాప సభలో ఇంతకంటే మంచి నడక నాకు తెలియదు. ముందే ఓదార్పు మొదలుపెడితే వినేవాళ్లకు మీరు వాళ్ల బాధను చూడలేదనిపిస్తుంది.

అంకెలు: ప్రసంగానికి ఒకటే. సూక్తులు: ఒకటే, అది కూడా ఎవరన్నారో సరిచూసుకున్నాకే. మన్మోహన్ సింగ్ 1991 జులై 24 బడ్జెట్ ప్రసంగంలో ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో మాటను ఆఖర్న వాడారు. లెక్కలన్నీ అయ్యాక వచ్చింది కాబట్టే నిలిచింది.

ఇంగ్లీషు మాటల గురించి భయం వద్దు. మెట్రో, టెన్షన్, ట్యాంకర్ మన మాటలే. వాక్యాలకు వాక్యాలు ఇంగ్లీషులోకి జారిపోవడమే ఇబ్బంది. అప్పుడు సగం హాలు మీ చెయ్యి వదిలేస్తుంది.

## 6. చేతిలో కాగితం ఎలా ఉండాలి

1904లో చర్చిల్ కాగితం లేకుండా మాట్లాడుతూ కామన్స్ సభలో మధ్యలో తడబడి, మాట అందక కూర్చుండిపోయాడు. ఆ తర్వాత పెద్ద ప్రసంగాలన్నిటికీ పూర్తి పాఠం చేతిలో ఉండేది. అది కూడా పేరాలుగా కాదు, పద్యపాదాల్లా ముక్కలు ముక్కలుగా. చూసి చదవడం నామోషీ ఏమీ కాదు.

- అరచేతికి కొంచెం పెద్ద కార్డులు, ఒకవైపే రాత.
- ఒక ఊపిరికి ఒక లైను.
- చిన్న విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు.
- వాక్యం ఒక కార్డులో మొదలై ఇంకో కార్డులో ముగియకూడదు.
- ప్రతి కార్డుకూ పెద్ద అంకెలో నంబరు.
- టైమ్ చాలకపోతే వదిలేయాల్సిన పేరాకు పక్కన పెన్సిల్ గీత.

మొదటి మూడు వాక్యాలు, చివరి నాలుగు వాక్యాలు కంఠస్థం చేయండి. ఆ రెండు చోట్లా కళ్లు జనం మీదే ఉండాలి. ఫోన్‌లో చూసి చదవకండి. స్క్రీన్ ఆరిపోతుంది, కాల్ వస్తుంది, దూరం నుంచి చూసేవాళ్లకు మెసేజ్ చూసుకుంటున్నట్టు కనిపిస్తుంది.

## 7. రిహార్సల్

మనసులో చదువుకోవడం రిహార్సల్ కాదు. నిలబడి, సభలో మాట్లాడేంత గొంతుతో పైకి చెప్పాలి. ఇంట్లో ఇబ్బందైతే మేడ మీదకు వెళ్లండి, లేదా పొద్దున్నే ఇందిరా పార్కు లాంటి చోట నడుస్తూ చెప్పుకోండి.

ఒక వారం ప్రణాళిక:

- 1, 2 రోజులు: మూడు ప్రసంగాలు వినడం, సభ వివరాలు కనుక్కోవడం.
- 3వ రోజు: ఒక్క వాక్యం.
- 4వ రోజు: చివర నుంచి మొదలుపెట్టి మొత్తం రాత.
- 5వ రోజు: పైకి చదివి రికార్డు చేయడం. నాలుక తడబడిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయడం. నాలుకను మార్చడం కష్టం, వాక్యాన్ని మార్చడం తేలిక.
- 6వ రోజు: కార్డులు, ఇంట్లో ఒకరి ముందు చెప్పడం.
- 7వ రోజు: ఒక్కసారే, నెమ్మదిగా. కొత్త వాక్యాలు చేర్చడం వద్దు.

నిమిషానికి 130 మాటలన్న లెక్క ఇంగ్లీషుకు చెప్పేది. తెలుగు మాటలు పొడవు. నిలకడగా మాట్లాడితే నిమిషానికి 80 నుంచి 100 దాకా వస్తాయి. ఐదు నిమిషాలకు 400 రాసుకుంటే విరామాలకు చోటుంటుంది. మీ వేగం మీది కాబట్టి గడియారం పెట్టి కొలుచుకోండి.

ఆరో రోజు విన్నవాళ్లను "ఎలా ఉంది?" అని అడగకండి. "బాగుంది" అంటారు. మర్నాడు పొద్దున టీ దగ్గర "నిన్న నేను ఏం చెప్పాను?" అని అడగండి. మీ ఒక్క వాక్యం వాళ్ల నోట వస్తే సిద్ధమైనట్టే. వేరే వాక్యం వస్తే అదే మీ అసలు వాక్యమేమో ఆలోచించండి.

## 8. హాల్లో

అరగంట ముందు చేరండి. నగరంలో సాయంత్రం ట్రాఫిక్ సంగతి తెలిసిందే, మెట్రో ఉన్న దారైతే అందులోనే వెళ్లండి. వెళ్లగానే మైకు చూసుకోండి. అది పోడియంకు బిగించి ఉందా, చేతిలో పట్టుకోవాలా? చేతిలోదైతే కార్డులు తిప్పడానికి ఒక చెయ్యే మిగులుతుంది, ఇంట్లో అలాగే సాధన చేసి వెళ్లండి.

రవీంద్రభారతి లాంటి పెద్ద ఆడిటోరియంలో లైట్లు మీ కళ్ల మీద పడతాయి, జనం మొహాలు సరిగా కనిపించవు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురిని చూసి పెట్టుకోండి. ఫంక్షన్ హాల్లో గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి వేగం తగ్గించండి. బయట మైదానంలో దూరపు స్పీకర్ల శబ్దం ఆలస్యంగా వస్తుంది, అక్కడ చిన్న వాక్యాలు, పొడుగు విరామాలు.

టెన్షన్ అందరికీ ఉంటుంది. మైకు దగ్గరికి వెళ్లాక వెంటనే మొదలుపెట్టకండి. కార్డులు పెట్టండి, నెమ్మదిగా ఊపిరి వదలండి, ఒకరి మొహం చూడండి, అప్పుడు మొదటి వాక్యం. ఆ మూడు సెకన్లు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, సభకు అనిపించవు.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

వేదిక మీద అందరి పేర్లూ చదవడంలోనే రెండు నిమిషాలు పోతాయి. అధ్యక్షుల పేరు, ముఖ్య అతిథి పేరు చెప్పి "పెద్దలందరికీ, మిత్రులందరికీ నమస్కారం" అనండి. ప్రభుత్వ కార్యక్రమమై పేర్లన్నీ తప్పనిసరైతే కార్డు మీద రాసుకుని ఒకే ఊపులో చదవండి.

"నాకు మాట్లాడటం రాదు" అని మొదలుపెట్టడం. వినయమని మీరనుకుంటారు. సభ మాత్రం మీ తప్పులు వెతకడం మొదలుపెడుతుంది. నేరుగా సంఘటనలోకి వెళ్లండి.

మీరు చెప్పాలనుకున్నది ముందు వక్త చెప్పేయడం. కంగారు వద్దు. "ఇందాక సార్ చెప్పిన మాటకు నేను చూసిన ఒక సంఘటన చెప్తాను" అనండి. వాదన ఇద్దరికీ ఒకటే కావచ్చు, సంఘటన మీ ఒక్కరిదే.

మధ్యలో మర్చిపోవడం. ఆగండి. కార్డు చూడండి. దొరక్కపోతే చివరి వాక్యాల దగ్గరికి వెళ్లిపోండి. ఏం వదిలేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

సంతాప సభలో గొంతు పూడుకుపోవడం. క్షమాపణ అడగకండి. కాసిన్ని నీళ్లు తాగండి. అప్పటికీ కాకపోతే కార్డులు పక్కనున్నవాళ్లకిచ్చి చదివించండి. ఆ ఒక్కరికి ముందే చెప్పి ఉంచండి.

"చివరగా ఒక్క మాట" అని నాలుగుసార్లు అనడం. అన్నారంటే ముగించాలి. నిర్వాహకుల చీటీ వస్తే పెన్సిల్ గీత పెట్టిన పేరాలు వదిలేసి ముగింపుకు వెళ్లండి. ముగింపును కోయకండి, వేగంగా చదవకండి.

చప్పట్ల కోసం ఆగడం. అవి రాకపోతే మీ మొహం మారిపోతుంది. విరామం మాట కోసం తీసుకోండి.

## 10. బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

- నా ఒక్క వాక్యం కాగితం చూడకుండా చెప్పగలనా?
- అది ఈ సభకు తప్ప వేరే దేనికీ అతకదా?
- ఒక్క సంఘటనైనా పేరు, చోటు, సమయంతో ఉందా?
- ఊపిరి చాలని వాక్యం ఎక్కడైనా మిగిలిందా?
- పలకాల్సిన పేర్లన్నీ సరిగ్గా తెలుసా? ఇంటిపేర్లు అడిగి కనుక్కున్నానా?
- కార్డులకు నంబర్లు వేశానా?
- వదిలేయాల్సిన పేరాకు గీత పెట్టానా?

## 11. మాట్లాడేశాక

మర్నాడు ఒక పేజీ రాయండి. సభ ఎక్కడ నిశ్శబ్దమైంది, ఎక్కడ కుర్చీల చప్పుడు వినిపించింది, బయటికొచ్చాక ఎవరెవరు ఏ మాటను మీకే తిరిగి చెప్పారు.

వాషింగ్టన్‌లో కింగ్ తెచ్చుకున్న కాగితంలో "కల" భాగం లేదు. గాయని మహాలియా జాక్సన్ పక్కనుంచి "ఆ కల గురించి చెప్పు" అని కేక వేసిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఆయన కాగితం వదిలేసి అందుకున్నారు. అది అప్పటికప్పుడు పుట్టింది కాదు. అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్ సభలోనూ ఆ కల గురించి మాట్లాడారు. పలికి పలికి నోటికి వచ్చేసిన భాగం కాబట్టే ఆ క్షణంలో అందింది.

మీకు బాగా పలికిన సంఘటనను, జనం పట్టుకున్న వాక్యాన్ని ఆ పేజీలో తేదీ వేసి దాచుకోండి. తర్వాతి సభకు ఆ సంఘటన పనికొస్తుందేమో చూడండి. వాక్యాన్ని మాత్రం ఆ సభ కోసం మళ్లీ కొత్తగా రాసుకోవాలి.